పాప రంగులు, నాన్న రొయ్యలు

ఆ మంగళవారం ఉదయం ప్రియాంక వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా వంట ముగించి, రెండేళ్ళ కూతురు ఆద్యతో రంగుల ఆట ఆడించాలి. పిల్లలు రంగుల్లో చేతులు పెట్టి, పిసికి, వాసన చూసి, నాకి నేర్చుకోవాలని ఫోను వీడియోల్లో ఒకావిడ వారం రోజులుగా చెబుతోంది. నాకినా ప్రమాదం లేని రంగులు ఇంట్లోనే చేసుకోవచ్చని కూడా చెప్పింది. అందుకని ప్రియాంక గంజిలో బీట్‌రూట్ రసం కలిపి ఎరుపు చేసింది, పసుపు వేసి పసుపుపచ్చ చేసింది, పాలకూర ఉడికించి రుబ్బి వడగట్టి ఆకుపచ్చ చేసింది. పాడవకుండా ఒక్కోదాంట్లో చెంచాడు ఉప్పు వేసి, ఖాళీ నీళ్ళ సీసాల్లో పోసి వంటగది గట్టు మీద పెట్టింది.

"నిన్న పప్పులోకి పాలకూర ఏదంటే లేదన్నావు," అంది అత్తగారు తాతమ్మ. "ఇప్పుడు దాంతో గోడలకి రంగులేస్తావా?"

"గోడలకి కాదత్తయ్యా, పాత క్యాలెండర్ మీద. చేతులతో."

"మా అబ్బాయీ చిన్నప్పుడు చేతులతోనే ఆడేవాడు. పేడతో. దానికి ఫోను చూడక్కర్లేకపోయింది."

ఆ అబ్బాయి, అంటే ప్రియాంక భర్త బాబ్జీ, అప్పుడే చెరువు దగ్గర్నుంచి వచ్చాడు. కృత్తివెన్ను పక్కన అతనికో రొయ్యల చెరువుంది. పోయినసారి పంట తెల్లమచ్చ రోగానికి తుడిచిపెట్టుకుపోయింది. ఈసారీ అలాగే అయితే చెరువు కౌలుకిచ్చేసి ఎక్కడో పనికి కుదురుకోవలసిందే. అందుకే ప్రతి మంగళవారం చెరువు నీళ్ళు సీసాలో పట్టి బంటుమిల్లి ల్యాబుకు పట్టుకెళ్ళేవాడు. ఆ రోజూ పట్టాడు. పచ్చగా ఉన్న ఆ సీసాను వంటగది గట్టు మీద పెట్టి కాఫీ తాగాడు. తాగాక పచ్చ సీసా ఒకటి తీసుకుని బండెక్కాడు. గట్టు మీద పచ్చ సీసాలు రెండున్నాయని అతనికి తెలియదు.

ల్యాబులో కళ్యాణ్ చాలా శ్రద్ధ గలవాడు. ఉప్పదనం చూశాడు, ఆక్సిజన్ చూశాడు, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి ఎంతసేపటికీ తలెత్తలేదు. వాసన చూడటం మాత్రం అతని పరీక్షల్లో లేదు.

"బాబ్జీ గారూ, మీ రొయ్యలు బతికే ఉన్నాయా?" అన్నాడు చివరికి.

"పొద్దున్న మేత తిన్నాయండీ."

"ఈ నీళ్ళలోనా? ఇందులో ఆక్సిజనే లేదండీ. పైగా ఈ గుండ్రటి కణాలేంటో నా సర్వీసులో ఎప్పుడూ చూళ్ళేదు. ఏదో కొత్త రోగం. ఆలోచించకండి, ఇవాళే వలలేసి రొయ్యల్ని పట్టించి అమ్మేయండి."

ఇంకో పదిహేను రోజులు ఆగితే చాలు, రొయ్య మంచి సైజుకొచ్చేది. పక్కనే తన సీసాతో వంతు కోసం కూర్చున్న నాంచారయ్య ఇదంతా విన్నాడు. ఆయన చెరువు బాబ్జీ చెరువును ఆనుకునే ఉంటుంది. ఇద్దరికీ నీళ్ళొచ్చేది ఒకే కాలవ. ఆయన సీసా బల్ల మీదే వదిలేసి, బయటికి నడిచి ఫోను తీశాడు.

బంటుమిల్లిలో బయల్దేరినప్పుడు ఆ కబురు కొత్త రోగమే. దారిలో నీళ్ళలో విషమైంది. కృత్తివెన్ను చేరేసరికి బాబ్జీ రొయ్యలన్నీ తెల్లారే చచ్చి తేలాయి. బాబ్జీ గట్టు మీదికొచ్చి చూస్తే అవి హాయిగా ఈదుతున్నాయి కానీ, చుట్టుపక్కల పదకొండు చెరువుల వాళ్ళు వలల కోసం పరిగెడుతున్నారు. ఐసు బళ్ళు బందరు నుంచి బయల్దేరాయట. అతను వలల మేస్త్రీకి ఫోన్ చేశాడు.

"గురువారం దాకా ఖాళీ లేదు బాబూ. మీ చెరువు పోయిందంట కదా! దాంతో అందరూ పట్టించేస్తున్నారు."

బాబ్జీ ఉసూరుమంటూ ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. లోపల ప్రియాంక గొణుక్కుంటోంది. పొద్దున్న చిక్కగా ఉన్న ఆకుపచ్చ ఇప్పుడు నీళ్ళలా ఎందుకుందో ఆమెకు అర్థం కావడం లేదు. రెండు చెంచాల మైదా కలిపినా లాభం లేకపోయింది. ఎరుపును, పసుపును ఇష్టంగా నాకిన ఆద్య, దీన్ని వాసన చూసి మొహం తిప్పేసుకుంది. అయినా అరచేతులు ముంచి క్యాలెండర్ మీద ఒక్క చరుపు చరిచింది.

"అమ్మా! బొమ్మ గెంతింది!"

క్యాలెండర్ మీద ఏకాదశి దగ్గర గోరంత రొయ్యపిల్ల ఎగురుతోంది.

భార్యాభర్తలు ఆ రొయ్యను చూశారు, సీసాను చూశారు, చివరికి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ప్రియాంక ఒక్క కేక వేసి పిల్లను ఎత్తుకుని స్నానాలగదిలోకి పరిగెత్తింది. బాబ్జీ చెరువు గట్టుకు పరిగెత్తాడు.

"నాంచారయ్య బాబాయ్, ఆపండి! సీసా మారిపోయింది. నేను పట్టుకెళ్ళింది పాలకూర గంజి!"

నాంచారయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏరా, మేం ఆగిపోతే వలలు నీకు దొరుకుతాయనా? ల్యాబుకెవడన్నా కూర పట్టుకెళ్తాడా?"

"ఒట్టు బాబాయ్. మా పాప రంగు అది."

"పాపం, చెరువు పోయిందన్న దిగుల్లో ఏదో అంటున్నాడు," అని ఎవరో జాలిపడ్డారు. వలలు నీళ్ళలో పడ్డాయి. బుధవారం సాయంత్రానికి పదకొండు చెరువులూ ఖాళీ అయ్యాయి. పన్నెండో చెరువులో రొయ్యలు మేత తింటున్నాయి. ఎదురుపడిన ప్రతివాడికీ మొహం చాటేసి బాబ్జీ ఇంట్లో కూర్చున్నాడు. పదిహేను రోజులు పెరగాల్సిన అందరి పంటా తన చేతి పొరపాటుతో పోయిందని అతనికి అన్నం సహించలేదు.

గురువారం వాయుగుండం వచ్చింది. ఎడతెరిపి లేని వాన. శుక్రవారం తెల్లారేసరికి కరెంటు స్తంభాలు పడిపోయాయి. నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయాయి. బాబ్జీ డీజిల్ ఇంజను రెండు ఏరియేటర్లకే సరిపోతుంది. రొయ్యలు ఊపిరాడక గట్టు వారకు చేరడం మొదలైంది. బాబ్జీ, ప్రియాంక తెడ్లు పట్టుకుని వానలో నీళ్ళను బాదుతుంటే, గట్టు మీద ట్రాక్టరు ఆగింది. దాని మీద నాంచారయ్య, ఆయన వెనక డీజిల్ ఇంజన్లు, ఏరియేటర్లు.

"మా చెరువులు ఖాళీయే కదరా, ఇవెందుకు మాకు? నీ సీసా కబురు విని ముందే పట్టించకపోతే ఈ వానకి అందరం మునిగిపోయేవాళ్ళం. పక్కకి జరుగు."

పదకొండు చెరువుల సరంజామా ఒక్క చెరువులో దిగింది. కృత్తివెన్ను రొయ్యలకు అంత గాలి ఎప్పుడూ దొరకలేదు. శనివారం మధ్యాహ్నం వాన వెలిసేసరికి బాబ్జీ పంట నిలబడింది. పదకొండు మందీ అతని అరుగు మీద కూర్చుని తాతమ్మ వడ్డించిన చేపల పులుసు తింటున్నారు. బాబ్జీకి మాత్రం ముద్ద దిగడం లేదు. మళ్ళీ చెప్పాలని నోరు తెరిచేలోగా ఆద్య లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, అమ్మ మళ్ళీ చేసిచ్చిన చిక్కటి ఆకుపచ్చ రంగు చేతులు రెండూ నాంచారయ్య తెల్ల పంచె మీద అచ్చుగుద్దింది.

ఆయన నవ్వుతూ పంచె అంచు పైకి లాగాడు. వాసన తగిలి నవ్వు ఆగింది.

"ఇదేంటమ్మా ప్రియాంకా?"

"పాలకూర గంజి అండీ మావయ్యగారూ. పాప రంగు."

అరుగు మీద నములుతున్న దవడలన్నీ ఆగిపోయాయి.

"అయితే బాబ్జీ, మొన్న నువ్వు చెప్పింది..."

"నిజమే బాబాయ్."

"మరి వాన?"

"వానా నిజమే."

నాంచారయ్య పులుసు పళ్ళెం పక్కకి జరిపాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఈ మాట ఈ అరుగు దాటకూడదు. పదకొండు మంది పెద్దమనుషులం పాలకూరకి దడిసి చెరువులు పట్టించామంటే బంటుమిల్లిలో తలెత్తుకు తిరగలేం." పదకొండు మందీ ఎంగిలి చేతులతోనే ఒట్టేశారు.

సోమవారం ఉదయానికల్లా కళ్యాణ్ ల్యాబు గుమ్మానికి కొత్త బోర్డు వేలాడింది: 'వండిన నీళ్ళు పరీక్షించబడవు.'