ప్రాణిమిత్రవనంలో నాగేంద్రమ్మ మడి

తిరువూరు ప్రాణిమిత్రవనంలో జంతువులను చూసి ఊరుకోవడం నిషిద్ధం. ముట్టుకోవాలి, మేపాలి, వీలైతే ముద్దు కూడా పెట్టుకోవాలి. ఇది నిర్వాహక సంఘం వారు ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. వరికీ పత్తికీ తప్ప మరెందుకూ పేరెక్కని మా తిరువూరు పంతొమ్మిది వందల డెబ్బైల్లోనే ఇంత నాగరికత సాధించిందంటే ఇరుగుపొరుగు ఊళ్ళకు కళ్ళు కుట్టక మానవు.

అటువంటి వనం ముందు ఒక వేసవి పొద్దున రెడ్డిగూడెం మామిడితోటల ఆసామి ఆదిశేషయ్య జీపు ఆగింది. భద్రాచలం వెళ్తున్నారు. జీపులో ఆయన, ఆయన తల్లి నాగేంద్రమ్మ, ఆరేళ్ళ కూతురు ప్రేమావతి ఉన్నారు. సామాన్లు మోయడానికి పాలేరు మరియదాసు భార్య హన్నమ్మ వెనక చివర కూర్చుంది. ఆమెకూ నాగేంద్రమ్మకూ మధ్య సరిహద్దుగా పరుపుచుట్టను నిలబెట్టారు.

నాగేంద్రమ్మది షికారు ప్రయాణం కాదు. మనవరాలికి ఆటలమ్మ తగ్గితే, ఏ అంటూ సోకకుండా మడితో వచ్చి రాముణ్ణి చూస్తానని మొక్కుకుంది. నిరుడు బయల్దేరితే సత్తుపల్లిలో సోడాలవాడి చెయ్యి తగిలి మడి చెడింది. రామచంద్రా అని ఏడ్చుకుంటూ అంత దూరమూ వెనక్కి వచ్చింది. ఈసారి కూడా మడి చెడితే పిల్లకు ఏం మూడుతుందోనని ముసలావిడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. అందుకే దారిలో ప్రేమావతి హన్నమ్మ ఒళ్ళోకి పోతానని మారాం చేస్తే గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా! నువ్వు దాన్ని తాకితే నేను నిన్ను తాకకూడదు. నిన్ను తాకకుండా ఎట్టా ఉండనే, నా బంగారుతల్లీ!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మరి ప్రేమంటే అదీ!

గేటు దగ్గర వనం కార్యదర్శి జగన్నాథరావు ఎదురొచ్చాడు. స్వాగతోపన్యాసం వినిపించకుండా ఆయన ఎవరినీ లోపలికి వదలడు.

"సోదర సోదరీమణులారా! సృష్టిలో ఎక్కువతక్కువలు లేవు. ఈ కంచె లోపలున్న ప్రతి జీవినీ నిస్సంకోచంగా తాకండి. మనిషి స్పర్శ కోసం అవి తహతహలాడిపోతున్నాయండీ!"

ఆ సమయానికి జంతువులు నిద్రపోతున్నాయి. హన్నమ్మను సామాన్లతో కంచె బయటే ఉండమన్నారు. ఉపన్యాసం మాత్రం ఆమెకూ చక్కగా వినిపించింది.

లోపలికి వెళ్ళగానే జింక వచ్చి నాగేంద్రమ్మ మోచెయ్యి నాకింది. సీతమ్మవారు మనసుపడిన ప్రాణి కదా అని మురిసిపోయింది. నెమలి కాలు తొక్కింది. సుబ్రహ్మణ్యస్వామి వాహనం, తొక్కనీ అనుకుంది. తాబేలును కూర్మావతారమని ఎత్తి కళ్ళకద్దుకుంది. కోతి ఆవిడ మడినీళ్ళ చెంబు లాక్కుని సగం తాగి వదిలేస్తే, సాక్షాత్తూ ఆంజనేయస్వామి ప్రసాదమని మిగిలిన సగం తాను తాగింది. గాడిద దగ్గర మాత్రం కాస్త తటపటాయించింది. ఎంత ఆలోచించినా దానిమీద ఊరేగిన దేవుడు గుర్తుకు రాలేదు. ఎవరో ఒకరు ఎక్కే ఉంటారులే అని సరిపెట్టుకుని దాని వీపు నిమిరింది.

అప్పుడే ఒక మేక ఆవిడ చీరకొంగు నమలడం మొదలెట్టింది. కొంగు లాక్కోబోయి నాగేంద్రమ్మ వెళ్ళి బాతుల మడుగులో పడింది. నడుం దాకా బురద. ఆదిశేషయ్య అవతల కుందేళ్ళ దగ్గర కార్యదర్శి గారి రెండో ఉపన్యాసంలో చిక్కుకుపోయి ఉన్నాడు. హన్నమ్మ సామాన్లు వదిలేసి, కంచె కింద నుంచి దూరి, పరుగెత్తుకొచ్చి చెయ్యి చాచింది.

"అమ్మగారూ, చెయ్యందుకోండి!"

"ఆగవే! ముట్టుకున్నావంటే నా మొక్కు మట్టిగొట్టుకుపోద్ది!"

"మునిగిపోతారమ్మా!"

"మునిగితే ఆ రాముడే చూసుకుంటాడు. నువ్వు అవతలికి జరుగు!"

నిజానికి ఆ చేతిని అందుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. కాళ్ళు జారుతున్నాయి. ఏం చేస్తుంది పాపం? హన్నమ్మ ఏ దేవుడి వాహనమూ కాదాయె! ఇంతలో గాడిద నీళ్ళకొచ్చి మెడ వంచింది. నాగేంద్రమ్మ రెండు చేతులా ఆ మెడను వాటేసుకుంది. అది బెదిరిపోయి వెనక్కి లాగేసరికి ఆవిడ ఒడ్డున పడింది. మడి దక్కింది.

జనం మూగారు. జగన్నాథరావు కళ్ళు చెమర్చాయి.

"చూశారా! ప్రాణులన్నీ ఒక్కటేనన్న మహాసత్యాన్ని ఈ మాతృమూర్తి ఆచరించి చూపించారు!" అన్నాడు.

చప్పట్లు మోగాయి. హన్నమ్మ చాచిన చేతిని వెనక్కి తీసుకుని పైటకు తుడుచుకుంది. ఆమెను లోపల చూసి ప్రేమావతి ఎగిరి గంతేసింది.

"నాయనమ్మా! హన్నమ్మ కూడా కంచె లోపలికొచ్చేసింది. ఇప్పుడు ముట్టుకోవచ్చుగా?"

చప్పట్లు ఆగిపోయాయి. నాగేంద్రమ్మ బిక్కమొహంతో కొడుకు వైపు చూసింది. కొడుకు కార్యదర్శి వైపు చూశాడు. జగన్నాథరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆ సదుపాయం జంతువులకేనమ్మా," అన్నాడు ముద్దుగా.

హన్నమ్మ దగ్గరికి పరుగెత్తబోయిన పిల్లను నాగేంద్రమ్మ బురదచేతులతోనే ఒడిసి పట్టుకుని, పెద్దల్ని అట్టాంటివి అడక్కూడదని బుద్ధులు చెప్పింది. సాయంత్రానికి భద్రాచలంలో మొక్కు నిర్విఘ్నంగా తీరింది. ప్రేమావతి ఆ ప్రశ్న మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఎంతైనా మన పిల్లలు చురుకైనవాళ్ళు. ఒక్కసారి చెబితే చాలు, జన్మలో మరిచిపోరు.