అచ్చాయమ్మ గారింటి పెళ్లి చొక్కా

వస్తువును దాని సొంతదారుల నుంచి కాపాడటమే నాగరికత. ఈ సత్యం పెద్దాపురంలో అచ్చాయమ్మ గారికి ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ అత్తగారు వీరదుర్గమ్మ కాబోయే భర్త కోసం చేత్తో కుట్టిన లినెన్ చొక్కా ఒకటి ఆ ఇంట్లో ఉంది. తరతరాలుగా పెళ్లికొడుకులంతా దాన్నే వేసుకున్నారు. ఇప్పుడు అచ్చాయమ్మ గారి మనవడు గణేష్‌బాబు వంతు. కాబోయే పెళ్లికూతురు లావణ్య ముచ్చటపడి చొక్కా ఫొటోను ఫోన్లో అందరికీ కనపడేలా పెట్టింది. మర్నాడే పురాతన వస్త్ర పరిరక్షణ విభాగం, చొక్కాల శాఖ అధికారి సుకుమార్ గారు దిగారు. (పంచెల శాఖకు వేరే అధికారి ఉన్నారు. ఇద్దరికీ మాటల్లేవు.)

"భుజం దగ్గర చిరిగిందండి, రెండు కుట్లు వేస్తే సరిపోద్ది," అన్నారు అచ్చాయమ్మ.

"అది చిరుగు కాదండి, చారిత్రక ఆనవాలు. కుట్టకూడదు."

"పెళ్లికొడుకు వేసుకోవాలి కదండీ?"

"చెమట పడుతుందండి. చరిత్రకి చెమట పడదు."

"మా మగాళ్ల చెమటతోనే కదండీ అది చరిత్రయ్యింది!"

సుకుమార్ గారు ఆ మాట నోట్ చేసుకుని, చొక్కా పట్టుకెళ్లి రాజమండ్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. రోజూ ఫోన్‌కి మెసేజ్ వచ్చేది: "మీ చొక్కా క్షేమం. మీరు క్షేమమని తలుస్తాము." ఫొటో కూడా పంపేవారు. (వెలుతురు తగిలితే దారం పాడవుతుందని చీకట్లో తీసేవారు.)

ముహూర్తానికి ఒక్క గంట ఇమ్మని గణేష్‌బాబు వెళ్లి అడిగాడు. అద్దం ముందు నిలబడి, తన నీడ చొక్కా మీద పడేలా చూసుకోవచ్చని అనుమతి వచ్చింది. నిలబడ్డాడు. నీడ కాస్త లావుగా ఉందని, చొక్కా పిగిలిపోవచ్చని వెంటనే రద్దు చేశారు.

"తాత వేసుకున్నాడు, నాన్న వేసుకున్నాడు. నాకే లేకుండా పోయింది నానమ్మా," అన్నాడు ఇంటికొచ్చి.

అచ్చాయమ్మ గారు లినెన్ ముక్క తెప్పించి, లావణ్య చేత సూదిలో దారం ఎక్కించుకుని, కుట్టడం మొదలుపెట్టారు. ఒక చెయ్యి కాస్త పొడుగొచ్చింది. పెళ్లిపీటల మీద గణేష్‌బాబు ఆ చెయ్యి మడుచుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు.

భోజనాలకొచ్చిన సుకుమార్ గారు, పులిహోర విస్తరి వదిలేసి, కుట్లు పరీక్షగా చూశారు.

"అద్భుతమండి. వందేళ్లయ్యాక మాకు అప్పగించండి. అప్పటిదాకా ఎవరూ తొడగొద్దు, తడపొద్దు."

"అలాగేనండి," అన్నారు అచ్చాయమ్మ.

ఆ సాయంత్రమే ఆవిడ దాన్ని సబ్బు పెట్టి, బండకేసి బాది, దండెం మీద ఆరేశారు. దేశం ఒక వారసత్వ సంపదను కోల్పోయింది. గణేష్‌బాబుకి ఒక చొక్కా మిగిలింది.