పదకొండు గంటల ‘బాగున్నారా?’

ఎన్నికలు ఐదేళ్లకోసారి రావడం ఒంటికి మంచిది కాదు. కనీసం మూడు నెలలకోసారైనా రావాలి!

‘ఎన్నికల వేళ మీ మానసిక ఆరోగ్యాన్ని కాపాడుకోండి’ అంటూ ఆ మధ్య ఒక డాక్టరుగారు పత్రికలో రాశారు. టీవీ కట్టేయమన్నారు. ఫోన్ దూరంగా పెట్టమన్నారు. గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు. అయ్యా, మీకెవరు చెప్పారండీ ఇదంతా? ఎన్నికలే పెద్ద వైద్యం. వాడి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మా సందు చివర ప్రచారం మైకు బండి ఇరవై రోజులు తిష్ఠ వేసింది. ఆ ఇరవై రోజులూ మా ఆవిడా నేనూ ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఆవిడ ఏదో అంటూనే ఉంది, నేనూ ఏదో అంటూనే ఉన్నాను, ఇద్దరికీ ఒక్క ముక్క వినపడలేదు! పెళ్లయిన కొత్తలో కూడా మా ఇంట్లో అంత శాంతి లేదు.

బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్దబావా, చిన్నబాబాయీ పార్టీల దగ్గర మాటామాటా అనుకున్నారు. పంతానికి పోయి ఇద్దరూ గ్రూపు వదిలేశారు. తెల్లారేసరికి పూలగుత్తుల మీద శుభోదయాలు కుమ్మరించేది వాళ్లిద్దరే. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

ఇక సెలూన్ సంగతి. గడ్డం గీసే పెద్దమనిషి కత్తిని సరిగ్గా నా గొంతు మీద ఆనించి, ‘‘ఎవరు గెలుస్తారంటారు సార్?’’ అని అడిగేవాడు. ‘‘నువ్వెవరంటే వాళ్లే నాయనా’’ అనేవాణ్ణి. అహంకారం వదిలించుకోవడానికి జనం ధ్యాన శిబిరాలకు పోతున్నారట. నాకు ఐదు నిమిషాల్లో గడ్డంతో సహా పోయింది!

అయితే అసలు ఉపకారం జరిగింది మా మామగారికి.

ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరు. రోజూ వందలమందిని ‘‘ఎక్కడికండీ?’’ అని పలకరించిన నోరు. రిటైరై మా ఇంటికి వచ్చాక వరండాలో కుర్చీ వేసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవారు. తిండి తగ్గిపోయింది. మా ఆవిడ బెంగ పెట్టుకుంది.

అంతలో ఎన్నికలొచ్చాయి. ఆయన ఫోన్ మోగింది. ‘‘నమస్కారమండీ! నేను మీ సేవకుణ్ణి. బాగున్నారా?’’ అంది అభ్యర్థిగారి రికార్డింగ్.

‘‘ఏం బాగులెండి! ఎడమ మోకాలు మడత పడటం లేదు’’ అన్నారు మామగారు.

‘‘మీ కష్టం నాకు తెలుసు!’’

‘‘తెలుసా! మా ఇంట్లోవాళ్లకే తెలియదే!’’

రికార్డింగ్ నలభై సెకన్లలో ఆగిపోయింది. ఆయన పావుగంట మాట్లాడారు.

ముగ్గురు అభ్యర్థులూ పోటీపడి రోజూ ఫోన్లు చేశారు. మోకాలి సంగతి పొద్దుటాయనకి, నెత్తిమీద కిర్రుమనే ఫ్యాను సంగతి పదకొండు గంటలాయనకి, పాత రూటు కబుర్లు సాయంత్రం ఆయనకి. ‘‘పదకొండాయన ఇవాళ నాలుగు నిమిషాలు లేటు’’ అనేవారు వాచీ చూసుకుని. మళ్లీ కడుపునిండా తినసాగారు. చెప్పండి, ఏ డాక్టరు చేయగలడు ఈ పని?

ఉండబట్టలేక ఒకరోజు అన్నాను: ‘‘మామయ్యగారూ, అది రికార్డింగండీ.’’

‘‘తెలుసు అల్లుడుగారూ. కానీ మనం మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ చూసుకోదు’’ అన్నారు. ఎవరి గురించి అన్నారో నాకు అర్థం కాలేదు. నేనప్పుడు ఫోన్ చూసుకుంటున్నాను.

పోలింగ్ అయింది. ఫలితాలూ వచ్చాయి. ఫోన్లు ఆగిపోయాయి. మామగారు రెండు రోజులు ఫోన్ తుడిచి, ఛార్జింగ్ పెట్టి, ఎదురు చూశారు. మూడో రోజు, ‘‘ఒకసారి నా నంబరుకి కొట్టండి, పనిచేస్తోందో లేదో’’ అన్నారు. కొట్టాను. మోగింది. ‘‘పనిచేస్తోంది’’ అని కట్ చేశారు. ఆ పూట సగం భోజనం వదిలేసి లేచిపోయారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

‘‘పొద్దుట్నుంచి నాన్నతో మీరేం మాట్లాడారు?’’ అంది మా ఆవిడ. మైకు బండి వెళ్లిపోయింది కాబట్టి స్పష్టంగా వినపడింది. ఎంత ఆలోచించినా ఒకటే గుర్తొచ్చింది: ‘కాస్త కాలు తీయండి, ఛార్జర్ కావాలి.’

గెలిచినాయన ఆఫీసుకి ఫోన్ చేశాను, ఆ రికార్డింగ్ ఇంకొన్నాళ్లు పంపమని బతిమాలదామని. అక్కడా రికార్డింగే! ‘మీరు కాల్ చేస్తున్న వ్యక్తి వేరొకరితో మాట్లాడుతున్నారు.’ ఓట్లు పడిపోయాక ఆయన ఎవర్ని ‘బాగున్నారా’ అని అడుగుతున్నాడో!

ఇక తప్పలేదు. మర్నాడు పదకొండింటికి మా ఆఫీసు ఫోన్‌కి కర్చీఫ్ చుట్టి, గొంతు బొంగురు చేసి, ‘‘నమస్కారమండీ! నేను మీ సేవకుణ్ణి. బాగున్నారా?’’ అన్నాను.

ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడారు. మోకాలి నొప్పి వచ్చి ఏడాదైందట. ఫ్యాను శబ్దానికి పగలు కునుకు పట్టదట. అల్లుడు మంచివాడేనట, మొహం చూసి మాత్రం చాలా రోజులైందట. కట్ చేయడానికి నాకు చెయ్యి రాలేదు.

‘‘సరేనండీ, ఉంటాను’’ అన్నారు చివరికి. ‘‘వచ్చేటప్పుడు ఫ్యానుకి నూనె తెండి అల్లుడుగారూ. రేపు కూడా పదకొండింటికే చేయండి. ఇవాళ రెండు నిమిషాలు లేటు.’’

పాఠకులారా, ఇంకా రాయాలని ఉంది. కానీ ఇప్పుడు టైము పదకొండుకు ఐదు తక్కువ. నేను ప్రచారానికి వెళ్లాలి.