కృష్ణస్వామి దాచిన ఇంగువ

1980 జనవరిలో ఆ ఉదయం కృష్ణస్వామి పెట్టుకున్న పని ఒక్కటే. రెండు గంగాళాల పులిహోర కలిపి, ఎండెక్కేలోగా అమ్మేయాలి. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆయన కొట్టులోకి ఉల్లి, వెల్లుల్లి అడుగుపెట్టవు. రుచి భారమంతా ఇంగువదే. పులిహోర పొట్లం అర్ధరూపాయి. అయిదు పైసలు పెంచినా భక్తులు పక్క కొట్టుకు పోతారు.

పక్కింటి ముకుందం రిటైరైన బడిపంతులు. రోజూ పులిహోర రుచి చూడటానికని వచ్చి, పేపరు చదివి వినిపించి పోతాడు. ఆ రోజు రష్యా సైన్యం కాబూల్లో దిగిందని చదివాడు.

"ఇంగువ వచ్చేది ఆ పక్కనుంచే గదప్పా. సరుకు ఆగిపోయి, పైన గవర్నమెంటు సుంకం గూడా పెంచితే నువ్వు పొట్లం రూపాయికి అమ్మాల," అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

కృష్ణస్వామి గల్లాపెట్టెలో ఉన్న డబ్బంతా మూటగట్టుకున్నాడు. దొరస్వామి దినుసుల అంగడికి పరుగెత్తి, ఉన్న ముద్ద ఇంగువంతా, అయిదు కిలోలూ, ఒక్కసారే కొనేశాడు. నెలకు ఇరవై తులాలు కొనే మనిషి అయిదు కిలోలు మోసుకుపోతుంటే దొరస్వామి ఊరుకుంటాడా? రెట్టింపు ధరకైనా సరే పంపమని చిత్తూరుకు కబురు పెట్టాడు. చిత్తూరు వర్తకులు ఆ మాట విని తమ సరుకు లోపల పెట్టి తాళాలేశారు. మూడోనాటికి రెండు ఊళ్ళలోనూ గోరంత ఇంగువ లేదు. కాబూలు ఇంకా ఏమీ చెయ్యలేదు. చేసిందంతా కృష్ణస్వామే.

అప్పుడు ముకుందం ఇంకో వార్త తెచ్చాడు. "ఎవరో మహానుభావుడు ఇంగువంతా దాచిపెట్టినాడంట. సివిల్ సప్లైస్ ఇన్‌స్పెక్టరు తిరగతా ఉండాడు. దొరికితే కొట్టు మూసేసి లోపలేస్తారు."

బంగారం దాచవచ్చు, ఇంగువ దాచడం ఎవరి తరం? కృష్ణస్వామి మొదట దాన్ని భార్య ట్రంకుపెట్టెలో పెట్టాడు. మర్నాడు పెరుందేవి మూత తీసి తన పెళ్ళినాటి పట్టుచీర మూడుసార్లు వాసన చూసింది. "ఇది కట్టుకోని యాడికి పోయినా పులిహోర వచ్చింది అంటారండీ," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దాంతో ఇంగువ బియ్యం మూటలోకి మారింది. తెల్లారేసరికి వాసన సందు చివరిదాకా వెళ్ళింది.

ఆ పొద్దున్నే ఇన్‌స్పెక్టరు సైకిలు దిగి, కొట్టు ముందు నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నోరు తెరవకముందే కృష్ణస్వామి కాళ్ళమీద పడ్డాడు.

"నేనే సార్. అయిదు కిలోలూ ఈడే, బియ్యం మూటలో ఉండాది. కొట్టు మాత్రం మూయించొద్దండి. నాకు ఇంకో పని రాదు."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "బియ్యం ఎన్ని మూటలు?"

"ఒకటే సార్."

"అయితే లెయ్ స్వామీ. బియ్యం, చక్కెర, కిరసనాయిలు దాస్తే నాకు పని. ఇంగువ మా లిస్టులోనే లేదు." తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాలుగు దినాలుగా మా ఇంట్లో చారులో ఇంగువ లేదు. ఇంటామె సతాయిస్తా ఉంటే వాసన పట్టుకోని వచ్చినా. ఒక తులం ఇప్పించు."

కృష్ణస్వామికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. తులం అడిగిన మనిషికి గుప్పెడు కట్టి ఇచ్చాడు. కాస్త ఉంచుకుని మిగిలినదంతా కొన్న ధరకే దొరస్వామికి తిరిగి ఇచ్చేశాడు. అది తెలిసి చిత్తూరులోనూ తాళాలు తెరుచుకున్నాయి, ధర దిగింది.

"సూసినావా, గవర్నమెంటు గట్టిగా పట్టుకుంటే ధరలెట్ల దిగతాయో," అన్నాడు ముకుందం, పులిహోర నములుతూ. కృష్ణస్వామి ఇంకో గరిటె వడ్డించాడు. ఇంగువ కట్టిన గుడ్డలాంటి ఆ బియ్యం మూట అయిపోయేదాకా ఇంగువ వెయ్యకుండానే గడిచిపోయింది. పొట్లం అర్ధరూపాయి దాటలేదు.

రష్యా సైన్యం తొమ్మిదేళ్ళకు కాబూలు విడిచి పోయింది, పెరుందేవి పట్టుచీర వాసన మాత్రం ఇంకా పోలేదు.