రాగి సెంటు, చింతపండు, మా మామగారి భూతద్దం

సబ్రీన్ గోళ్ల చివర పెళ్లినాటి గోరింటాకు ఇంకా కాస్త మిగిలి ఉంది. అది ఉన్నంతకాలం మేము కొత్తజంటే అని నా లెక్క. దోహాలోని అల్ ఘర్రాఫాలో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చారు. అందులో కిటికీ ఉన్న ముక్క మాది. ఆమె చాయ్‌లో బిస్కెట్ ముంచి, విరగకుండా పైకి తీయడం చూస్తూ కూర్చుని నేను డ్యూటీకి లేటైన రోజులున్నాయి.

ఇంత సుఖంగా ఉన్నవాణ్ని, మామగారి ముందు గొప్పలకు పోకుండా ఉండాల్సింది.

మామగారు హమీదుద్దీన్ జగిత్యాలలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. పాత నాణేలంటే ప్రాణం. జేబులో భూతద్దం లేనిదే గడప దాటరు. పెళ్లిచూపుల్లో నా డిగ్రీ సర్టిఫికెట్‌ను దానితోనే చూశారు. తర్వాత నన్నూ చూశారు గానీ, సర్టిఫికెట్‌ను చూసినంతసేపు కాదు. ఆయన నోట ఒక్క షాబాష్ అనిపించుకోవాలని అప్పటినుంచీ నా కోరిక.

అవకాశం కంపెనీలోనే దొరికింది. ఒక అమెరికన్ ఇంజినీరు రిటైరై వెళ్తూ, గుర్తుగా ఉంచుకోమని ఒక రాగి నాణెం నా చేతిలో పెట్టాడు. వాళ్ల దేశపు పాతకాలం సెంటు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న స్త్రీ తల, రెండోవైపు ఆకుల దండ. ఆ వారమే వీడియో కాల్‌లో, అమెరికా రాగి నాణేల మీద కొంతకాలంగా పరిశోధన చేస్తున్నానని మామగారితో అనేశాను. ఆయన వెంటనే విజిట్ వీసా అడిగారు. కూతురి మీద బెంగతో అని అత్తగారు ఇప్పటికీ అనుకుంటున్నారు.

ఇక పరిశోధన మొదలుపెట్టక తప్పలేదు. నాణెం మీది స్త్రీ తలమీద జుట్టు పోగులు ఎంత స్పష్టంగా ఉంటే నాణేనికి అంత గ్రేడు. ఇక రంగు. గోధుమ రంగుది మామూలు, ఎర్రనిది అన్నిటికన్నా మేలు. నాది గోధుమ రంగుది. రాగిని ఎర్రగా చేయడం ఇంత సులువని అమెరికా వాళ్లకు ఎందుకు తట్టలేదా అని ఆలోచించాను. వాళ్ల వంటింట్లో చింతపండు ఉండదు.

"చింతపండు ఎక్కడుంది?" అని సబ్రీన్‌ను అడిగాను.

"ఏందండి, పులుసు వెడుతరా?"

"నాణెం తోముతా. ఎర్రగా అయితే విలువ పెరుగుతుంది."

"టంకశాలల పుట్టిన ఎరుపు వేరు, మీరు తోమిన ఎరుపు వేరు. తోమితే ఖరాబైతది."

"నీకెట్లా తెలుసు?"

"మా అబ్బా పక్కన కూసొని పెరిగిన గద."

"కూర్చుంటే చాలదు, చదవాలి" అన్నాను. నేను చదివింది అర పేజీ.

సబ్రీన్ నన్ను చూసింది, నాణేన్ని చూసింది. సరే, తనే చింతపండులో నానబెడతానంది. పెళ్లయ్యాక నేను గెలిచిన మొదటి వాదన అదే.

పొద్దున గుజ్జులోంచి తీసి తోమాను. రాత్రంతా నానినందుకేమో, నాణెం కాస్త చిక్కినట్టు అనిపించింది. ఇంకా గట్టిగా తోమమని సబ్రీన్ పక్కనుండి ప్రోత్సహించింది. నాణెం ఎర్రగా కాలేదు. అప్పుడే నలుగు పెట్టి స్నానం చేయించిన పసిబిడ్డలా గులాబీ రంగులోకి తిరిగింది. స్త్రీ తలమీద అక్కడక్కడా ఉన్న జుట్టు కూడా పోయింది.

మళ్లీ గోధుమ రంగు తెద్దామని కడక్ చాయ్‌లో ముంచాను. చీమలు వచ్చాయి. ఉడికిన గుడ్డు పచ్చసొనతో కలిపి డబ్బాలో మూసి పెడితే రాగి ముదురుతుందని ఒక వీడియోలో చెప్పారు. వేడికి త్వరగా అవుతుందని ఆ డబ్బాను కారులో, అద్దం దగ్గర పెట్టాను. దోహా ఎండ తన పని తాను చేసింది.

మర్నాడు అదే కారులో మామగారిని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చాను. ఆయన కొంతదూరం ఓర్చుకుని, అద్దం దించి, మంటలాంటి గాలిలోకి ముక్కు పెట్టారు.

"బేటా, ఈడ గాలి గిట్లనే ఉంటదా?"

"గ్యాస్ దేశం కదా మామూ" అన్నాను.

ఇంటికి రాగానే నాణేన్ని మఖమల్ గుడ్డమీద పెట్టాను. ఈసారి అది నేరేడుపండు రంగులో ఉంది. మామగారు భూతద్దం తీశారు. నా సర్టిఫికెట్‌ను చూసినదానికన్నా ఎక్కువసేపే చూశారు.

"బిడ్డా, అమెరికాను రాణి ఎప్పుడు ఏలింది?"

"కిరీటం ఉంది కదా మామూ."

"గిది విక్టోరియా రాణి. మన కాలణా. సబ్రీన్ చిన్నగున్నప్పుడు ఆడుకోనీకి నేనే ఇచ్చిన." ఒకసారి వాసన చూసి, నాణేన్ని దూరంగా పెట్టారు.

సబ్రీన్ వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డబ్బాలోంచి ఒక దూది పొట్లం తీసి తండ్రి ముందు పెట్టింది. అందులో నా అమెరికా సెంటు, గోధుమ రంగులో, చెక్కుచెదరకుండా ఉంది. చింతపండులో ఏది నానబెట్టిందో అప్పుడు తెలిసింది.

మామగారు దాన్ని అంచులు పట్టుకుని తిప్పారు. "పోగులు మంచిగున్నయ్. రంగు అసలుది. ఎవ్వరు చెయ్యి వెట్టలే. షాబాష్ బిడ్డా" అన్నారు. ఆ బిడ్డ నేను కాదు.

తర్వాత ఆయన పెట్టె విప్పారు. కొత్త కాపురానికని అత్తగారు పంపిన రాగి చెంబులు బయటికొచ్చాయి, నల్లగా. సబ్రీన్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"చింతపండు మిగిలింది. వీటిని తోమండి, విలువ తగ్గదు."

తోమాను. మామగారు ఆ చెంబును వెలుతురులోకి తీసుకెళ్లి, భూతద్దంతో అడుగు నుంచి మూతి దాకా చూశారు.

"షాబాష్ బేటా" అన్నారు.

సబ్రీన్ రెండో చెంబు తెచ్చింది.