చెవుల్లేని స్టాకు

సముద్రంలో కటిల్ ఫిష్ ఎంత ఉందో లెక్క తేలేదాకా జిల్లాలో ఒక్క బోటు కూడా వేటకు కదలదని మంత్రి ధనరాజు గారు శ్రీకాకుళం ప్రెస్ మీట్లో ప్రకటించగానే విలేకర్లమందరం చప్పట్లు కొట్టాం. విలేకర్లు చప్పట్లు కొట్టకూడదంటారు. ఆ పూట టిఫిన్ బాగుంది.

"మన మనవలకి కటిల్ మిగలాలా, వద్దా?" అని మంత్రిగారు అడిగారు. మిగలాలన్నాం.

"మిగలాలంటే ముందు ఎంతుందో తెలియాలి. దీన్ని స్టాక్ అసెస్‌మెంట్ అంటారు. సస్టైనబుల్ అని కూడా అంటారు."

ఇంత కష్టమైన విషయాన్ని ఇంత సులువుగా తేల్చేసిన నాయకుణ్ణి నేనింకా చూడలేదు. వరసగా మూడు పార్టీలకు సేవ చేసిన అనుభవం ఊరికే పోతుందా? పైగా పశువుల శాఖా ఆయనదే, చేపల శాఖా ఆయనదే. అందుకే ఒక శాఖకు పోవాల్సిన ఆర్డరు ఇంకో శాఖకు పోయినా మన దగ్గర పని ఆగదు.

ఆర్డరు టైపు చేసినాయన కటిల్ అనే మాట ఎన్నడూ వినలేదు. పైవాళ్ళు పొరపాటు పడ్డారనుకుని, వాళ్ళ పరువు కాపాడదామని 'క్యాటిల్' అని దిద్దాడు. అంచేత ఆ వారంలోనే మా పేటకి పశువుల డాక్టరు దేవేంద్ర గారు జీపులో దిగారు. చేతిలో అట్టపెట్టె, పెట్టె నిండా పశువుల చెవులకు కుట్టే పసుపు ట్యాగులు.

మా పేట మొత్తం సముద్రం మీద బతికేదే. ఏటా ఉండే వేట నిషేధం అప్పుడే ముగిసింది. బోట్లకు రంగులు వేసి, వలలు ఎక్కించి, ఇంజన్లలో ఆయిలు పోసి సిద్ధంగా ఉన్నారు. అందరికంటే ముందు గంగులు ఎదురొచ్చాడు.

"తొరగా లెక్కెట్టీయండి సారూ. ఈ నెల దాటితే కటిలు లోతుకెల్లిపోతాది. ఆ తరవాత మా బోటు నీటిలో ఉన్నా ఒకటే, ఇసకలో ఉన్నా ఒకటే."

"తప్పకుండా. పశువులెక్కడ?"

"సముద్రంలో ఉన్నాయి."

డాక్టరుగారు సముద్రం వైపు చూశారు. "మేతకెళ్ళాయా?" అని అడిగారు.

గంగులు నడుంలోతు నీళ్ళలోకి దిగి వల విసిరాడు. రెండు మూడు విసుర్లకు ఒక కటిల్ ఫిష్ దొరికితే బేసిన్‌లో వేసి తెచ్చాడు. డాక్టరుగారు గ్లవ్స్ తొడుక్కున్నారు.

"చెవి చూపించు."

"సెవులుండవు సారూ. పది సేతులుంటాయి."

"ట్యాగు చెవికే వెయ్యాలి. ఆర్డర్లో చేతుల ప్రస్తావన లేదు."

ఆ జీవి ఎర్రబడింది, తెల్లబడింది, డాక్టరుగారి చొక్కా నిండా నల్ల సిరా చిమ్మి బేసిన్ మూలకు తగ్గింది. ఆయన మంత్రిగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"సార్, ఇది క్షణానికో రంగు మారుస్తోంది. వెన్నెముక లేదు. ఎదటివాడి మీద నలుపు చల్లి తప్పించుకుంటోంది."

"ఎవరి గురించయ్యా మాట్లాడుతున్నావు?" అన్నారు మంత్రిగారు.

"కటిల్ గురించి సార్. చెవుల్లేవు."

"అదా. చెవుల్లేకపోతే అనర్హుల్లో వేసెయ్. ఉన్నవి వెతుకు. సాయంత్రానికి నాకు ప్రోగ్రెస్ కావాలి."

పేటంతటికీ అర్హత గల చెవులు రెండే రెండు. అవి గంగులు తల్లి గున్నమ్మ ఆవువి. ఎండు చేపలమ్మడానికి చీపురుపల్లి వెళ్ళినప్పుడు ముచ్చటపడి వ్యానులో ఎక్కించి తెచ్చుకున్న ఆవు. ట్యాగు పడింది, రిపోర్టు వెళ్ళింది. 'తీరంలో కటిల్ స్టాకు: ఒకటి. చూలుతో ఉన్నది.'

మంత్రిగారు చలించిపోయారు. కండువాతో కళ్ళు ఒత్తుకోవడం దగ్గరుండి చూశాను. "మిగిలిందే ఒక్కటి. అదీ కడుపుతో. దాన్ని వేటాడతామా? ఈనేదాకా ఏ బోటూ కదలకూడదు" అన్నారు. నేనది మొదటి పేజీకి పంపాను.

పేపరు తిరగేసి గున్నమ్మ నన్ను నిలదీసింది. "నా ఆవుని నానెందుకు ఏటాడతాను బాబూ?"

"మంత్రిగారూ అదే అంటున్నారు కదమ్మా."

ఆనాటి నుంచి పేట మొత్తం ఆవు సేవలో పడింది. ఒకరు తవుడు తెచ్చారు, ఒకరు కుడితి పట్టారు, వలలు కుట్టే మగాళ్ళు పక్కన కూర్చుని ఈగలు తోలారు. గంగులు పొద్దున లేస్తూనే కేకేసేవాడు.

"అమ్మా, ఆవేటంటాది?"

"ఏటంటాదిరా, మేస్తన్నాది."

ఈలోగా దూరపు రేవుల ట్రాలర్లు వచ్చి మా కళ్ళెదుటే కటిల్ పట్టుకుపోయేవి. జిల్లా ఆర్డరు వాటికి వర్తించదు. వాటికి ఆవుల్లేవు. ఆ సంగతి వార్తగా రాసి పంపితే మా పేపరు వేసుకోలేదు.

నెలాఖర్లో ఒక ఉదయం ఆవు ఈనింది. పేటలో డప్పులు మోగాయి. బోటుకి హారతిచ్చి, అందరూ భుజాలు పెట్టి నీళ్ళలోకి తోశారు. సగం దిగేసరికి డాక్టరుగారి జీపు వచ్చింది. ఆయన గబగబా దూడ చెవికి ట్యాగు వేసి ఫోన్ చేశారు. అవతల మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు. "మా చర్యల వల్ల కటిల్ స్టాకు రెట్టింపయింది. సస్టైనబుల్ అంటే ఇదీ." అలవాటు కొద్దీ నేను చప్పట్లు కొట్టాను.

"ఇంక ఎల్లొచ్చా సారూ?" అని బోటు మీంచి గంగులు అడిగాడు.

"ఎలా కుదురుతుంది? పిల్ల స్టాకు ఉండగా వేట పనికిరాదు. అది ఎదిగి ఒక ఈత ఈనేదాకా ఆగాలి. రూలు" అన్నారు డాక్టరుగారు.

బోటు మళ్ళీ ఇసకెక్కింది. గంగులు బోటు తాడులోంచి ఓ ముక్క కోసి, దూడ మెడకు కట్టబోతూ తల్లి వైపు చూశాడు.

"పెయ్యా, కోడెదూడా అమ్మా?"

"పెయ్యేరా. మాలచ్చిమి" అంది గున్నమ్మ సంబరంగా.

"అయితే దీని కడుపునా పెయ్యే పుడితే ఏటమ్మా సెయ్యడం?" అన్నాడు గంగులు.