అలోయిస్ రాసిన నాలుగు వరుసలు

ఆ ఉదయం క్వేతా పెట్టుకున్న పని చిన్నదే. పదకొండు గంటలకు పెరుగు కప్పులు నింపే కర్మాగారం నుంచి కుబీచెక్ గారు వస్తారు. అక్కడి యంత్రాన్ని నడిపేందుకు ఆయన పంపిన ప్రోగ్రాం తమ కెర్నల్ మీద నడిచి చూపిస్తే ఒప్పందం కుదురుతుంది. కుదరకపోతే చెక్ దేశపు బ్ర్నో నగరంలో ఆమె, బొహుమీర్ కలిసి నడిపే కంపెనీకి క్రిస్మస్ వరకే ఆయువు.

కెర్నల్ అంటే కంప్యూటర్‌లో మెమరీకి కాపలాదారు. ఏ ప్రోగ్రామైనా తనది కాని చోట చెయ్యి పెడితే పట్టుకుని, ఏం చెయ్యాలో తేల్చాలి. ఆ తేల్చే భాగాన్ని వాళ్ళతో కలిసి పనిచేసిన అలోయిస్ నాలుగు వరుసల కోడ్‌లో రాశాడు. వసంతంలో ఆయన చనిపోయాడు. ఆయన కుర్చీని ఇంకా ఎవరూ జరపలేదు. నిన్న సాయంత్రం క్వేతా ఆ వరుసలు తీసి పక్కన పెట్టి, ప్రతి తప్పునూ ఒక చిట్టాలో వివరంగా రాసేలా నలభై వరుసలు రాసింది. ఆమె వెళ్ళాక బొహుమీర్, ఆ సంగతి తెలియక, కెర్నల్‌లో ఎవరూ మార్చనక్కర్లేదని తోచిన మెమరీ పేజీలన్నిటికీ, రాయడానికి వీల్లేకుండా, తాళం వేశాడు. చిట్టా ఉన్న పేజీ కూడా అందులో ఉంది.

తొమ్మిదింటికి కుబీచెక్ గారి ప్రోగ్రాం ఎక్కించగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది.

"ఏం చేశావ్?" అంది క్వేతా.

"శుభాకాంక్షలు చెప్పవా? ఇవాళ నా నామదినం, క్యాలెండర్‌లో నా పేరున్న రోజు," అన్నాడు బొహుమీర్. చేతిలో గుడ్డు ముక్కలు పేర్చిన రొట్టెల పళ్ళెం ఉంది.

గంట వెతికితే తెలిసింది. కెర్నల్ ఒక తప్పును పట్టుకుంది. రాయబోతే చిట్టాకు తాళం. తాళం ఉన్నచోట రాయబోవడమూ తప్పే కనుక తనను తానే పట్టుకుంది. ఆ సంగతి రాయడానికి మళ్ళీ చిట్టా దగ్గరికే వెళ్ళింది.

"దొంగను పట్టుకున్న పోలీసు, కేసు రాయడానికి స్టేషన్ తాళం పగలగొట్టాడన్నమాట," అన్నాడు బొహుమీర్.

"తాళం వేసిందెవరు మహానుభావా?"

"చెప్పకుండా చిట్టా పెట్టిందెవరు తల్లీ?"

తాళం తీయాలంటే పేజీలన్నీ మళ్ళీ సర్దాలి, మధ్యాహ్నమవుతుంది. అందుకని, చిట్టా తెరుచుకోకపోతే ఆ తప్పును క్షమించి ప్రోగ్రాంను వెనక్కి పంపమని కెర్నల్‌కు చెప్పారు. అది వెనక్కి వెళ్ళి సరిగ్గా అదే తప్పు చేసింది. కెర్నల్ మళ్ళీ క్షమించింది. ఫ్యాన్ హోరెత్తిపోయింది.

"పోనీ, అడిగిన చోటు ఇచ్చేద్దాం. గొడవ వదులుతుంది," అన్నాడు బొహుమీర్.

ఇచ్చారు. ప్రోగ్రాం తనకు దొరికిన చోటల్లా రాసుకుంటూ పోయి గడియారాన్నీ చెరిపింది. తెర మీద తేదీ, కంప్యూటర్లు కాలం లెక్క మొదలుపెట్టే 1970 జనవరికి వెళ్ళింది.

"అప్పటికి మనం పుట్టలేదు. ఒప్పందం పోయినా బాధ ఉండదు," అన్నాడు బొహుమీర్.

క్వేతా గోడ గడియారం చూసింది. పదకొండుకు నాలుగు నిమిషాలున్నాయి. నలభై వరుసలూ తీసేసి అలోయిస్ నాలుగు వరుసలు యథాస్థానంలో పెట్టింది. పరీక్షించే లోపే తలుపు గంట మోగింది.

కుబీచెక్ గారు బూట్లు విప్పి, అతిథుల కోసం ఉంచిన ఇరుకు చెప్పుల్లో కాళ్ళు దూర్చి లోపలికి వచ్చారు. ప్రోగ్రాం నాలుగు సెకన్లు నడిచి ఆగిపోయింది. తెర మీద ఒక్క ముక్క: "ప్రోగ్రాం తనది కాని చోట రాసింది. ఆపేశాను." కింద మెమరీలో ఆ చోటు చిరునామా.

"మీ కెర్నల్ నా ప్రోగ్రాంను చంపేసిందా? మా పాత కెర్నల్‌లో ఆరేళ్ళుగా నడుస్తోందమ్మా! ఒక్క మాట అనలేదు అది."

"అది చూసి ఉండదండీ," అంది క్వేతా. పొద్దుటినుంచీ తామిద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారే గాని, మొదటి తప్పు ఎవరిదని అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

కుబీచెక్ గారు ఆ చిరునామా పట్టుకుని తన ల్యాప్‌టాప్‌లో వెతికారు. వెతికి, దగ్గరున్న అలోయిస్ కుర్చీలో కూలబడ్డారు. ఎవరూ వారించలేదు.

"వంద కప్పులకు చోటు పెట్టాం. నూటొకటోది కూడా రాస్తున్నాం."

"ఆ పక్క చోటు దేనిది?" అని అడిగాడు బొహుమీర్.

"మూతలు వేసే యంత్రపు చేతిది." ఆయన గొంతు తగ్గింది. "వంద దాటినప్పుడల్లా ఒక కప్పు మూత లేకుండా వస్తోంది. మూతలు బాగా లేవని మూడు కంపెనీలను మార్చాం."

కాసేపటికి ఆయన రొట్టె ముక్క ఒకటి తీసుకుని, బొహుమీర్‌కు నామదిన శుభాకాంక్షలు చెప్పి, "ఆరేళ్ళలో దీన్ని పట్టుకున్నది మీ కెర్నలొక్కటే," అంటూ ఒప్పందం మీద సంతకం పెట్టారు.

మూతల కంపెనీలకు మాత్రం ఇంతవరకూ ఎవరూ క్షమాపణ చెప్పలేదు.